తూకం ఎక్కువంటోంది, రంగు తక్కువంటోంది

ఒక ప్రయోగశాలలో మూడేళ్లుగా పనిచేస్తున్న పాఠకురాలు, తన పేరు బయటపెట్టవద్దని కోరుతూ, అంకెలతో సహా వివరంగా ఒక ఉత్తరం రాశారు. ఆమె విభాగంలో ఎనిమిది చానెళ్ల పిపెటింగ్ రోబో, అంటే కొద్ది కొద్ది ద్రావణాన్ని ఎనిమిది గొట్టాలతో ఒకేసారి కొలిచి పోసే యంత్రం, ఉంది. 96 వెల్స్ (ఏ నుంచి హెచ్ దాకా ఎనిమిది వరుసల్లో, పన్నెండు నిలువు కాలమ్‌లలో ఉండే చిన్న గుంటలు) ఉన్న ప్లేటులో ఒక్కో వెల్‌లోకి 10 మైక్రోలీటర్ల ఎంజైమ్ ద్రావణాన్ని అది వదలాలి. ఆ ద్రావణంలో బరువు ప్రకారం సగం గ్లిసరాలే, కొద్దిగా డిటర్జెంట్ కూడా ఉంది. రోబో ఎనిమిది టిప్‌లు (ద్రావణం పీల్చే సన్నని ప్లాస్టిక్ కొసలు) తొడుక్కుని, తొట్టిలోంచి ద్రావణం పీల్చి ఒక కాలమ్ నింపుతుంది, మళ్లీ తొట్టి దగ్గరికి వెళ్లి అవే టిప్‌లతో పీల్చుకుని రెండో కాలమ్ నింపుతుంది, అలా పన్నెండు కాలమ్‌లు. సర్వీసు ఇంజనీరు వచ్చి నీటితో పరీక్షించి, అన్నీ హద్దుల్లోనే ఉన్నాయని ధ్రువపత్రం ఇచ్చి వెళ్లారు. అయినా పరీక్షల ఫలితాలు నిలకడగా రావడం లేదు.

ఆమె మొదట ప్లేటును తూచారు. ఒక్కో వెల్‌కు సగటున 10.4 మిల్లీగ్రాములు వచ్చింది. అంటే 10.4 మైక్రోలీటర్లు పడుతోందనుకుని సెట్టింగ్‌ను 9.6కు తగ్గించారు. ఫలితాలు మరింత చెడ్డాయి. తిరిగి 10కి తెచ్చి, ఈసారి ద్రావణంలో రంగు కలిపి, ఒక్కో వెల్‌లో రంగు ఎంత ఉందో చదివే ప్లేట్ రీడర్‌తో కొలిచారు. సగటు 9.24 మైక్రోలీటర్లని తేలింది. మొదటి ఏడు చానెళ్లలో సీవీ (విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో శాతంలో చెప్పే అంకె) 2.6 శాతం, ఎనిమిదో చానెల్ నింపే హెచ్ వరుసలో మాత్రం దాదాపు 5 శాతం. ఆ ఏడు చానెళ్లలోనూ మొదటి కాలమ్ 8.6 దగ్గర, మిగతా పదకొండు 9.3 దగ్గర ఉన్నాయి. దాంతో సెట్టింగ్‌ను 10.8కి పెంచారు. ఉదయం ప్లేట్లు సరిగా వచ్చాయి, మధ్యాహ్నం ప్లేట్లలో ద్రావణం ఎక్కువ పడింది. ద్రావణం ఉదయం ఫ్రిజ్‌లోంచి నేరుగా రోబో మీదికి వస్తుందనీ, సాయంత్రం దాకా మూత లేని తొట్టిలోనే ఉంటుందనీ కూడా ఆమె రాశారు.

"వారానికో సెట్టింగ్ మారిస్తే యంత్రాన్ని ఎవరు నమ్ముతారు?" అని పై అధికారి కోప్పడ్డారట. హెచ్ వరుస విలువలను తీసేసి నివేదిక మీద సంతకం చేయమంటున్నారు. చేత్తో చేసినప్పుడే బాగుండేదని ఒక సీనియర్ అంటున్నారు. "రెండు పద్ధతుల్లో కొలిస్తే రెండు జవాబులు వచ్చాయంటే, నాకు కొలవడమే రాదేమోనని భయంగా ఉంది. నిద్ర పట్టడం లేదు. చేతి పిపెట్‌కు తిరిగి వెళ్లాలా, కొత్త యంత్రం అడగాలా, సంతకం చేసేయాలా?" అన్నది ఆమె ప్రశ్న.

సమాధానం:

ముందుగా మీ నిద్ర పాడుచేస్తున్న సంగతి తీసుకుంటాను, ఎందుకంటే మిగతా ముడులన్నీ దాని చుట్టూనే పడ్డాయి. మీరు కొలిచిన రెండు కొలతలూ సరైనవే. తూకం మిల్లీగ్రాముల్లో చెప్పింది, మీరు దాన్ని మైక్రోలీటర్లుగా చదివారు. నీటికైతే అలా చదివినా పెద్ద తేడా రాదు. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర నీటి సాంద్రత మిల్లీలీటరుకు 0.998 గ్రాములు కనుక మిల్లీగ్రామూ మైక్రోలీటరూ దాదాపు ఒకటే. కానీ బరువు ప్రకారం సగం గ్లిసరాల్ ఉన్న నీటి సాంద్రత అదే ఉష్ణోగ్రత దగ్గర సుమారు 1.126. మీ 10.4 మిల్లీగ్రాములను 1.126తో భాగించి చూడండి, 9.24 మైక్రోలీటర్లు వస్తుంది. రంగు పరీక్ష చెప్పింది కూడా అంతే. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు పద్ధతులు ఇంత దగ్గరగా కలిశాయంటే మీకు కొలవడం రాదని కాదు, చాలా జాగ్రత్తగా కొలిచారని అర్థం. అయితే ఆ భాగహారం చేయకపోవడం వల్ల 7.6 శాతం తక్కువ పోస్తున్న యంత్రాన్ని 4 శాతం ఎక్కువ పోస్తోందనుకుని, ఉన్న లోటును ఇంకా పెంచారు. ఆ వారం ఒక్కో వెల్‌లో పడింది సుమారు 8.9 మైక్రోలీటర్లే. మీ ద్రావణంలో బఫరు (ఆమ్లత్వాన్ని నిలకడగా ఉంచే ద్రావణం), లవణాలు కూడా ఉంటాయి కాబట్టి నేను చెప్పిన సాంద్రతను కూడా అలాగే వాడేయకండి. ప్రామాణిక ఫ్లాస్కులో 10 మిల్లీలీటర్లు నింపి, తూచి, మీ ద్రావణం సాంద్రతను మీరే తేల్చుకుని నోటుపుస్తకంలో రాసి పెట్టుకోండి.

ఇక అసలు విషయం. మీ ఉత్తరంలో ఒక్క సమస్య లేదు, నాలుగున్నాయి. ఆ నాలుగింటినీ మీరు సెట్టింగ్ అనే ఒక్క అంకెతో సరిచేయాలని చూస్తున్నారు. పిపెటింగ్‌లో గురి వేరు, నిలకడ వేరు. పది కావలసిన చోట ప్రతిసారీ 9.3 పడితే గురి తప్పింది, నిలకడ ఉంది. ఒకసారి 9.2, మరోసారి 10.8 పడితే సగటు పదే వస్తుంది గానీ నిలకడ లేదు. సెట్టింగ్ మార్చి గురిని జరపగలరు. చెదురును మాత్రం ఏ సెట్టింగూ తగ్గించలేదు. మీ పై అధికారి సగటును చూసి మాట్లాడుతున్నారు, మీరు చెదురును చూసి బాధపడుతున్నారు. ఇద్దరూ చూస్తున్నది ఒకే పట్టికలోని రెండు వేర్వేరు సంగతులని కూర్చుని చెబితే, మీ మధ్య ఉన్న ఘర్షణలో కొంత భాగమైనా తగ్గుతుందని నా నమ్మకం.

మొదటి కాలమ్ సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే అది అన్నిటికంటే తేలిక, లాభమూ ఎక్కువే. మీ రోబో గాలితో పనిచేసే రకం. పిస్టన్‌కూ ద్రావణానికీ మధ్య గాలి ఉంటుంది, పిస్టన్ ఆ గాలిని లాగితే గాలి ద్రావణాన్ని లాగుతుంది. 1957లో జర్మనీలోని మార్బుర్గ్‌లో హైన్రిష్ ష్నిట్గర్ రూపొందించిన మైక్రోపిపెట్‌లోనూ ఇదే సూత్రం. ఈ గాలి వల్ల పిస్టన్ తడవదు, టిప్ మార్చితే చాలు, అది గొప్ప సౌకర్యం. కానీ గాలి వ్యాకోచిస్తుంది, సంకోచిస్తుంది, ఆవిరిని ఇముడ్చుకుంటుంది. కొత్త టిప్‌లోని గాలి పొడిగా ఉంటుంది. మొదటిసారి పీల్చినప్పుడు ద్రావణంలోని నీరు కొంత ఆవిరై ఆ గాలిలో కలుస్తుంది, పీడనం పెరుగుతుంది, ఆ మేరకు లోపలికి వచ్చే ద్రావణం తగ్గుతుంది. దీనికి తోడు, పొడి గోడకు అంటుకున్న గ్లిసరాల్ పొర మొదటి విడుదలలో బయటికి రాదు. రెండోసారికి గాలీ తేమెక్కి ఉంటుంది, గోడా తడిసి ఉంటుంది. అందుకే మీ పట్టికలో మొదటిది 8.6, తరువాతివి 9.3.

ఈ ఒక్క కాలమ్ మీ సీవీని ఎంత పెంచుతోందో లెక్క వేసి చూశాను. మిగతా పదకొండు కాలమ్‌ల సగటు 9.3, వాటి సీవీ ఒకటిన్నర శాతం అనుకుంటే, 8.6ను కలపగానే పన్నెండింటి సగటు 9.24కు దిగుతుంది, సీవీ 2.6కు ఎగబాకుతుంది. మీ అంకెలు సరిగ్గా అవే. కనుక ఏడు చానెళ్లలో మీరు చూస్తున్నది నిలకడలేమి కాదు, ప్రతి ప్లేటులోనూ అదే చోట అదే విధంగా జరిగే తప్పు నిలకడలేమిగా లెక్కలోకి వచ్చింది. పని మొదలయ్యే ముందు టిప్‌లను తొట్టిలోనే మూడుసార్లు పీల్చి వదిలేలా ప్రోగ్రాములో ఒక మెట్టు చేర్చండి. డిటర్జెంట్ ఉంది కాబట్టి ఈ తడిపే మెట్టులో చివరి బొట్టును గాలితో ఊదే పని పెట్టకండి, నురగ వస్తుంది, ఆ నురగనే టిప్ మళ్లీ పీలుస్తుంది.

రెండోది హెచ్ వరుస. ఇక్కడ తొందరపడకండి. ఎనిమిదో చానెల్ చెడిందని అందరూ అనుకుంటున్నారు, అది నిజమే కావచ్చు. కానీ హెచ్ వరుస ప్లేటు అంచున ఉంది. అంచు వెల్స్‌లో ఆవిరి ఎక్కువగా పోతుంది, రీడర్‌లో ప్లేటు కొంచెం పక్కకు జరిగినా ముందు అంచులే దెబ్బతింటాయి. కనుక ప్లేటును 180 డిగ్రీలు తిప్పి పెట్టి ద్రావణం వేయించండి, రీడర్‌లో మాత్రం ఎప్పటిలాగే పెట్టి చదవండి. ఇప్పుడు హెచ్ వరుసను నింపేది ఒకటో చానెల్, ఏ వరుసను నింపేది ఎనిమిదో చానెల్. చెదురు ఏ వరుసలోకి వెళ్తే తప్పు చానెల్‌ది, హెచ్‌లోనే ఉండిపోతే తప్పు ప్లేటుది లేదా రీడర్‌ది. చానెల్‌దే అని తేలితే, ద్రావణం పీల్చిన టిప్‌ను గాలిలో ముప్పై సెకండ్లు అలాగే నిలబెట్టించి చూడండి. టిప్ కొసన బొట్టు ఊరుతుంటే గాలి ఎక్కడో కారుతోంది. టిప్ కూర్చునే చోట ఉండే రబ్బరు ఓ-రింగ్ అరగడం దీనికి తరచుగా కనిపించే కారణం, మార్చడం పెద్ద పనీ కాదు.

ఈ పరీక్షను ఒక్క ప్లేటుతో ముగించవద్దు. పన్నెండు కొలతల నుంచి లెక్కించిన ప్రామాణిక విచలనం (సీవీకి ఆధారమైన చెదురు కొలత) చాలా వదులైన అంచనా, అసలు విలువ దానికి 0.71 రెట్ల నుంచి 1.7 రెట్ల దాకా ఎక్కడైనా ఉండవచ్చు. మూడు ప్లేట్లు వేసి ముప్పై ఆరు కొలతలు చేస్తే ఆ హద్దులు 0.81కీ 1.3కీ దగ్గరవుతాయి. చానెళ్లను పోల్చేటప్పుడు ఆ మాత్రం ఓపిక తప్పదు. మొదటి కాలమ్ దోషం సరిచేసిన తరువాతే ఈ మూడు ప్లేట్లు వేయండి, లేకపోతే రెండు దోషాలు మళ్లీ కలిసిపోతాయి.

మూడోది, ఉదయానికీ మధ్యాహ్నానికీ వస్తున్న తేడా. మీ 10.8 సెట్టింగ్ ఎందుకు వమ్మయిందో ఇందులోనే ఉంది. సగం గ్లిసరాల్ ఉన్న ద్రావణం స్నిగ్ధత, అంటే చిక్కదనం, 20 డిగ్రీల దగ్గర సుమారు 6 మిల్లీపాస్కల్ సెకండ్లు, అంటే నీటికి ఆరు రెట్లు. 10 డిగ్రీల దగ్గర అది 9. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే ఇంకా ఎక్కువ. పిస్టన్ తన పని ముగించే సమయానికి చిక్కని ద్రావణం ఇంకా టిప్‌లోకి ఎక్కుతూనే ఉంటుంది. టిప్ అంతలోనే పైకి లేస్తే కొరత పడుతుంది. మధ్యాహ్నానికి ద్రావణం వెచ్చబడి పలచబడుతుంది, అదే వేగానికి ఎక్కువ ఎక్కుతుంది. మీరు ఉదయపు చిక్కదనానికి లెక్కగట్టిన 0.8 మైక్రోలీటర్ల అదనం మధ్యాహ్నం మిగులుగా మారింది. దీనికి ఎదురు తిరిగే శక్తి కూడా ఒకటుంది: చల్లని ద్రావణం టిప్‌లోని గాలిని చల్లబరిచి కుదించడం వల్ల కాస్త ఎక్కువ ద్రావణం లోపలికి లాగబడుతుంది. ఈ రెంటిలో ఏది ఎంత గెలుస్తుందో కాగితం మీద తేల్చలేం. ప్రతి ప్లేటుకూ తొట్టిలోని ద్రావణం ఉష్ణోగ్రతను రాసి పెట్టుకోండి, రెండు రోజుల్లో మీకే తెలిసిపోతుంది. మూత లేని తొట్టిలోంచి రోజంతా నీరు ఆవిరవుతూనే ఉంటుందన్నది కూడా మరవకండి. పరిమాణం సరిగ్గా పడినా అందులోని ఎంజైమ్ గాఢత ఉదయం ఉన్నంతే ఉండదు. మూత పెట్టడానికీ, ద్రావణాన్ని చిన్న భాగాలుగా తీసి వాడడానికీ ఎవరి అనుమతీ అక్కరలేదు, రేపే మొదలుపెట్టండి.

ఇక్కడ మీ ముందు రెండు దారులున్నాయి. ద్రావణాన్ని గది ఉష్ణోగ్రతకు వచ్చేదాకా ఆగి వాడడం ఒకటి. పిపెటింగ్ తేలికవుతుంది, కానీ మీ ఎంజైమ్ అంతసేపు వెచ్చగా ఉండి తట్టుకుంటుందో లేదో విడిగా పరీక్షించాలి. రెండోది, తొట్టిని చల్లని బ్లాకు మీద పెట్టి రోజంతా ఒకే చల్లదనంలో ఉంచడం. ఎంజైమ్ భద్రంగా ఉంటుంది, కానీ వేగాలూ ఆగే సమయాలూ అన్నీ ఆ చల్లని చిక్కదనానికే సరిచూసుకోవాలి, తొట్టి మీద తేమ పట్టకుండా చూడాలి. నేనైతే రెండో దారికే మొగ్గుతాను. ఉష్ణోగ్రత ఎంత అన్నదాని కంటే అది మారకుండా ఉండడం ముఖ్యం.

నాలుగోది, మిగతావన్నీ సర్దుకున్నాక కూడా మిగిలే గురి లోపం, ఆ 9.3. దీనికి లిక్విడ్ క్లాస్‌లో, అంటే ఒక్కో ద్రావణాన్ని ఏ వేగంతో పీల్చాలో, ఎంతసేపు ఆగాలో రోబోకు చెప్పే సెట్టింగుల జాబితాలో, చోటుంది. నీటి కోసం తయారుచేసిన లిక్విడ్ క్లాస్‌తోనే మీరు గ్లిసరాల్ పీలుస్తున్నారని మీ ఉత్తరం చదివితే అనిపించింది. దానికి ఒక నకలు తీసి, మీ ద్రావణం పేరు పెట్టి, అందులోనే మార్పులు చేయండి. పీల్చే వేగాన్ని సగానికి తగ్గించండి. పీల్చాక టిప్‌ను ద్రావణంలోనే ఒకటి రెండు సెకండ్లు ఆగనివ్వండి. టిప్ రెండు మూడు మిల్లీమీటర్ల లోతుకు మించి మునగకూడదు. లోతుగా మునిగితే బయటి గోడకు అంటిన గ్లిసరాల్ కూడా వెల్‌లోకి చేరుతుంది. అలాగని పైపైనే ఉంటే, తొట్టిలో మట్టం తగ్గినప్పుడు గాలిని పీలుస్తుంది. మట్టాన్ని అనుసరించే సౌకర్యం మీ రోబోలో ఉంటే దాన్ని వాడండి. ఒక్కసారికి ఒక్కటే మార్చండి, మార్చిన ప్రతిసారీ రంగు పరీక్ష చేయండి. నాలుగు మార్పులు ఒకేసారి చేసి ఫలితం బాగుపడితే ఆ రోజు సంతోషమే గానీ, ఏది పనిచేసిందో తెలియదు, మళ్లీ చెడినప్పుడు ఎక్కడ వెతకాలో అంతకన్నా తెలియదు.

పీల్చడానికి ఒక్కోసారి మూడు సెకండ్లు ఎక్కువ పట్టినా ప్లేటుకు పెరిగేది 36 సెకండ్లు. ఆలస్యమవుతోందని ఎవరైనా అంటే ఈ లెక్క చూపించండి. ఇంకా లోటు మిగిలితే, కావలసిన దానికంటే కాస్త ఎక్కువ పీల్చి, కావలసినంతే వదిలి, మిగిలినది పారబోసే పద్ధతి ఉంది. చిక్కని ద్రావణాలకు అది బాగా పనిచేస్తుంది, కానీ ఖరీదైన ఎంజైమ్ వృథా అవుతుంది. సెట్టింగ్ అంకె మార్చడాన్ని అన్నిటికంటే చివర పెట్టుకోండి. చెదురు తగ్గి, ఉష్ణోగ్రత స్థిరపడ్డాక చేస్తే అది న్యాయమైన దిద్దుబాటు. అంతకు ముందు చేస్తే మీకిప్పటికే అనుభవమైనట్టు ఒక పూట సరిపోయి ఇంకో పూట తప్పుతుంది. మరో దారి కూడా ఉంది: ఎంజైమ్‌ను బఫరులో సగానికి పలచబరిచి 10కి బదులు 20 మైక్రోలీటర్లు వేయించడం. గ్లిసరాల్ సగానికి తగ్గుతుంది, పరిమాణం పెద్దది కావడం వల్ల తప్పు శాతం కూడా తగ్గుతుంది. అయితే పలచబరిచిన ఎంజైమ్ ఎంతకాలం నిలుస్తుందో చూడాలి, వెల్‌లోని మొత్తం ద్రవం పెరగకుండా మిగతా పాళ్లు సర్దాలి, పరీక్షను మొదటి నుంచి ధ్రువీకరించాలి. పరీక్ష ఇంకా రూపు దిద్దుకుంటున్న దశలో ఉంటే ఇది మంచి దారి, రోజువారీ వాడుకలో ఉంటే బరువైన పని.

చేతి పిపెట్ గురించి మీ సీనియర్ అంటున్నదాన్ని తేలిగ్గా తీసేయను. అనుభవమున్న చేయి చిక్కని ద్రావణాన్ని పీల్చేటప్పుడు తెలియకుండానే నెమ్మదిస్తుంది, ఒక క్షణం ఆగుతుంది, టిప్‌ను గోడకు ఆనించి వదులుతుంది. మీ రోబోకు ఎవరూ నేర్పనిది అదే. అయితే బాగుండేదన్న జ్ఞాపకం కొలత కాదు. అదే రంగు ద్రావణంతో అదే రకం ప్లేట్లు ఆయన చేత కూడా మూడు వేయించండి. గౌరవంగా అడగండి, పోటీగా కాదు. ఆయన అంకెలు మెరుగ్గా వస్తే ఆ చేతి కదలికలను గమనించి లిక్విడ్ క్లాస్‌లోకి తేవచ్చు. రోజుకు ఎన్నో ప్లేట్లు వేస్తే మూడో ప్లేటుకూ పదో ప్లేటుకూ తేడా వస్తుందా అన్నది కూడా అప్పుడే చూడండి.

కొత్త యంత్రం అడగడానికి ఇది సమయం కాదనుకుంటున్నాను. పిస్టన్ నేరుగా ద్రావణాన్ని తాకే పాజిటివ్ డిస్‌ప్లేస్‌మెంట్ రకం గ్లిసరాల్‌కు నిజంగానే మేలు, ఎందుకంటే మధ్యలో గాలే ఉండదు. కానీ నీటి లిక్విడ్ క్లాస్, పొడి టిప్, రోజంతా మారే ఉష్ణోగ్రత ఉన్నంత కాలం ఇప్పుడున్న యంత్రం శక్తి ఎంతో మీకే తెలియదు. పైవన్నీ చేశాక కూడా పరీక్షకు అవసరమైన హద్దులోకి రాకపోతే, ఆ అంకెలే కొత్త యంత్రానికి మీ విన్నపమవుతాయి.

ఇక సంతకం. ఇంజనీరు ఇచ్చిన ధ్రువపత్రం అబద్ధం కాదు. నీటితో యంత్రం ఆరోగ్యంగా ఉందని అది చెబుతోంది, మీ ద్రావణంతో మీ పద్ధతి బాగుందని చెప్పడం లేదు. ఆటోమేటెడ్ లిక్విడ్ హ్యాండ్లింగ్ యంత్రాల (ద్రవాలను తమంతట తామే కొలిచి పోసే యంత్రాల) కోసమే 2022లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ నుంచి 23783 ప్రమాణం మూడు భాగాలుగా వెలువడింది. పదజాలమూ సాధారణ నియమాలూ ఒక భాగం, కొలిచే పద్ధతులు ఒక భాగం, పనితీరును తేల్చి నివేదించే తీరు ఒక భాగం. మీ నివేదికను దాని పదజాలంలో రాస్తే మాట మీకూ మీ పై అధికారికీ మధ్య పంతంలా కాక పద్ధతి గురించిన చర్చగా మారుతుంది.

హెచ్ వరుసను తీసేసి సంతకం చేస్తే ఈ వారం గడుస్తుంది. కానీ రోగి నమూనానో పరిశోధన నమూనానో ఆ వరుసలో పడిన ప్రతిసారీ, మీకు తెలిసిన తప్పు మీ సంతకం కింద ఉంటుంది. పూర్తిగా నిరాకరిస్తే పని ఆగుతుంది, ఆయనతో సంబంధం బిగుసుకుంటుంది. ఈ రెండింటికీ మధ్య ఒక దారి ఉంది: ఎనిమిదో చానెల్‌ను ప్రోగ్రాములోనే ఆపి, ప్లేటుకు 84 వెల్స్ మాత్రమే వాడుతూ, హెచ్ వరుస తప్పు ఎక్కడిదో తేలి సరయ్యేదాకా పని నడపడం. ఎనిమిదో వంతు సామర్థ్యం తగ్గుతుంది, కాని తీసేసినది విలువలను కాదు, వాడకాన్ని. ఈ తేడాను మీ అధికారి అర్థం చేసుకుంటారని ఆశిస్తున్నాను. అప్పుడు కూడా మిగిలిన ఏడు చానెళ్ల మీద, పైన చెప్పిన మార్పులు చేసి మళ్లీ కొలిచాకే సంతకం పెట్టండి. నివేదికలో ఏ ద్రావణం, ఏ సాంద్రత, ఎంత ఉష్ణోగ్రత, ఏ లిక్విడ్ క్లాస్, ఏ చానెళ్లు, ఎన్ని కొలతలు అన్నవన్నీ రాయండి. సెట్టింగ్ 9.6కు దించిన వారం ఏయే ప్లేట్లు నడిచాయో కూడా జాబితా తీసి ఆయనకు మీరే ముందుగా ఇవ్వండి. ఆ ఫలితాల్లో వేటిని మళ్లీ చేయాలో నిర్ణయించాల్సింది ఆయన, కానీ ఆ సంగతి ఆయనకు మీ నోటి ద్వారానే తెలియాలి.